అమ్మ ఒక్కతే ఉంటున్న ఇంట్లో టూరిస్టులకు రెండు అర్రలు ఇద్దామనుకుంటున్నా. ఊరికి ఏమన్నా ఒరుగుతుందా?

నదిపక్కోడు:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈసారి నిజంగా సలహా కావాలి.

మాది కొల్లాపూర్ దిక్కు, కృష్ణ ఒడ్డు ఊరు. ఒడ్డు అంటే శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ల ఒడ్డు. అసలు ఊరు 1981లో ఆ నీళ్లలో మునిగిపోయింది. నేను పుట్టింది కొత్త ఊర్లోనే, కానీ మా ఇల్లు మాత్రం సగం పాత ఊరిదే. ఖాళీ చేసేటప్పుడు మా తాత దర్వాజలు, దూలాలు, వాసాలు ఊడదీసి ఎడ్లబండి మీద పైకి తెచ్చి ఈ ఇల్లు కట్టాడు. ముందు దర్వాజకు కింద ఒక చెక్క అతుకు ఉంటుంది, అంగుళంన్నర మందం. పాత గోడ ఎత్తు, కొత్త గోడ ఎత్తు కుదరక వేసింది. చిన్నప్పుడు ఆ గడప మీద కూర్చునే హోంవర్క్ రాసుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే. అన్న పుణెలో సెంట్రింగ్ మేస్త్రి. నేను ఎల్బీ నగర్‌లో ఉండి ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా వాడకట్టులో పదహారు ఇళ్లుంటే ఆరింటికి తాళాలే. బడిలో పదకొండు మంది పిల్లలు. దసరా, పీర్ల పండుగ వస్తే మాత్రం బైకులు పెట్టడానికి జాగ దొరకదు. మూడో రోజుకు మళ్లీ కుక్కలు, ముసలివాళ్లు.

సంగతి ఏమిటంటే, మా దగ్గరి సోమశిలకు 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామం అవార్డు ఇచ్చింది. అప్పటికే అక్కడ లాంచీ, కాటేజీలు ఉన్నాయి. కృష్ణ మీద సోమశిల నుంచి సిద్ధేశ్వరం వైపు వంతెన కూడా 2022లోనే మంజూరైంది. శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్లు మా ఊరి మీదుగానే పోతాయి. ఆగేది ఒక్క మలుపు దగ్గర, నీళ్లు కనబడతాయని, ఫోటోకు. రూపాయి ఖర్చు పెట్టకుండా చిప్స్ ప్యాకెట్ పడేసి పోతారు.

మొన్న వానాకాలంలో ఒక కారు టైరు మా ఇంటి ముందే పంక్చర్ అయింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కొల్లాపూర్ నుంచి మనిషి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. అమ్మ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి జొన్న రొట్టె, పల్లీల తొక్కు పెట్టిందట. పోయేటప్పుడు ఐదు వందలు ఇవ్వబోతే వద్దంది. వాళ్లు పళ్లెం కింద పెట్టి పోయారు. ఆ రాత్రి నాకు ఫోన్. "బిడ్డా, బువ్వకు పైసలు తీసుకుంటే పాపం కాదా?" నాకేం చెప్పాలో తోచలేదు. కానీ అప్పటి నుంచి బుర్రలో ఇదే తిరుగుతోంది.

నా ఆలోచన ఇది. రోడ్డు వైపు ఉన్న రెండు అర్రలు బాగు చేయించి వీకెండ్‌కు ఇవ్వడం. భోజనం ఇంట్లోదే. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పాత ఊరి గోడలు, గుడి మెట్లు బయటపడతాయి కదా, పడవలో తీసుకుపోయి అవి చూపించడం. ఊళ్లో ఇంకో నలుగురు కూడా మొదలుపెడితే తాళాలు కొన్నయినా తీస్తారని ఆశ.

మేస్త్రి లెక్క: రెండు అర్రలకు రెండు బాత్రూములు, టైల్స్, ఫాల్స్ సీలింగ్ కలిపి 3 లక్షల 80 వేలు. దూలాలు కనబడకుండా సీలింగ్ ఎందుకన్నా అంటే, "సిటీవాళ్లకు బల్లులు పడవు సార్" అన్నాడు. మా బావ ఇంకో అడుగు ముందుకేసి స్విమ్మింగ్ పూల్ అంటున్నాడు. ఎదురుగా కృష్ణ ఉంది, పూల్ ఏంది బావా అంటే అలిగాడు. ఇప్పుడున్న బాత్రూం పెరట్లో ఉంటుంది, లోపల గడియ ఊడిపోయింది, అమ్మ మేకుకు తాడు కట్టి పెట్టుకుంటుంది. అదీ మా స్టార్టింగ్ పాయింట్.

లోన్ తీసుకుని దిగాలా? ఇట్లాంటివి చేసినవాళ్లెవరైనా ఉంటే, నిజంగా ఊళ్లో మార్పు వచ్చిందా చెప్పండి. యూట్యూబ్ వీడియోలన్నీ చూశాను, అందరూ లక్షలే అంటున్నారు.

చిటికి కట్టు:

మాది పోచంపల్లి. టూరిజం మా వాకిట్లోనే ఉంది కాబట్టి రాస్తున్నా. మా ఊరికి చూడవచ్చేవాళ్లు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని నిలబడ్డ దగ్గర్నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో పేరు వచ్చాక ఇంకా పెరిగారు. హైదరాబాద్ నుంచి గంటన్నర కూడా కాదు, పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు. అంటే రాత్రి ఉండరు. మీ ఊరు దూరం కాబట్టి ఆ ఒక్క విషయంలో మీరే నయం.

మా అమ్మ చిటికి కడుతుంది, అంటే ఇక్కత్ చీర నేయకముందు నూలుకు కట్లు కట్టే పని. ఆసు పోసిన (వరుసగా చుట్టిన) నూలును చట్రానికి బిగించి, డిజైన్ గీతలు గీసి, రంగు పట్టకూడని చోటల్లా సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు చుట్టాలి. ఒక్క కట్టు వదులైనా రంగు లోపలికి పాకుతుంది, నేసిన తర్వాత పువ్వు పక్కన మచ్చలా కనబడుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. ఇట్లాంటి పని చేస్తున్న మనిషి ముఖం మీదికి ఫోన్ తెచ్చి "ఆంటీ, ఇటు చూడండి" అంటారు. చూస్తే చెయ్యి ఆగుతుంది. ఒక ఆదివారం నాలుగు బ్యాచ్‌లు వచ్చాయి, సాయంత్రానికి అమ్మ కట్టింది రోజూ కట్టేదాంట్లో సగం. కూలి కట్టినదానికే గానీ చూపించినదానికి లేదు కదా. చివర్లో ఒకామె మా చీర కొంగు పట్టుకుని, "ఇదే ఆన్‌లైన్‌లో పన్నెండు వందలకు వస్తోంది" అంది. అది ప్రింటు అమ్మా అని చెప్పే ఓపిక ఆ రోజు ఎవరికీ లేదు.

ఇప్పుడు మేం ఆదివారం 11 నుంచి 12 దాకే చూపిస్తాం, మనిషికి 150. ఒక రుమాలుకు వాళ్లనే చిటికి కట్టమంటాం. పది నిమిషాల్లో వేళ్లు నొప్పి పెడతాయి. ఆ తర్వాత చీర ధర అడిగినప్పుడు గొంతు మారుతుంది. బేరం చేసేవాళ్లు తగ్గారు, అది మాత్రం నిజం.

ఇక మీ ప్రశ్నకు. మగ్గం ఆడుతోంది కాబట్టి చూడ్డానికి వస్తున్నారు. చూడ్డానికి వస్తున్నారని మా వీధిలో ఒక్క కుర్రాడు కూడా మగ్గం ఎక్కలేదు. నా సొంత తమ్ముడు చౌటుప్పల్ వైపు కంపెనీలో షిఫ్టులకు పోతాడు. ఇంటి పనిలో వాణ్ణి ఏ అవార్డూ కూర్చోబెట్టలేకపోయింది. మీ ఊళ్లో ఇప్పుడు ఆడుతున్న మగ్గం ఏది? అర్రలు, టైల్స్ తర్వాత. ముందు అది చెప్పండి.

సంఘం అక్క:

తమ్ముడూ, ముందు అమ్మకు జవాబు చెప్పు. బువ్వకు కాదు, ఆ వయసులో పొయ్యి ముందు కూర్చున్నందుకు తీసుకొమ్మను. నేను కూడా మొదటి రెండు నెలలు పైసలు తీసుకునేటప్పుడు తల వంచుకునేదాన్ని. తర్వాత నడుము నొప్పి లేచింది, సిగ్గు పోయింది.

మాది అమ్రాబాద్ దిక్కు, శ్రీశైలం రోడ్డుకు దగ్గర. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు అడవి చెక్‌పోస్టు దాటనివ్వరు కదా, ఆలస్యంగా వచ్చిన బండ్లు ఇటువైపే ఆగిపోతాయి. మాకు గిరాకీ పుట్టింది అక్కడే, ఏ ప్రచారంతోనూ కాదు. నాలుగేళ్ల కింద మహిళా సంఘంలో ఐదుగురం కలిసి భోజనాలు మొదలుపెట్టాం. తర్వాత మా ఆడబిడ్డ ఇంట్లో రెండు అర్రలు.

రొట్టె సంగతి చెప్తా, ఇది ఎవరూ చెప్పరు. జొన్నపిండిలో కాగిన నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి, చేత్తో తట్టి, పెనం మీద వేసి పైన తడి గుడ్డ అద్దాలి. నా చేతికి గంటకు ఇరవై ఐదు దాటవు. ఒకసారి పది మందిమి అని ఫోన్ చేసి ఇరవై రెండు మంది దిగారు. అప్పటికప్పుడు అన్నం వండి, పచ్చిపులుసు చేసి, గుడ్లు కొట్టి గట్టెక్కాం. వాళ్లలో ఒకాయన ఫోన్‌లో రాశాడట, రొట్టె దొరకలేదని ఒక్క స్టార్. ఇప్పుడు సగం పైసలు ముందు పంపితేనే పిండి పిసుకుతాం. ఇంకో మాట, రొట్టె కావాలన్నవాళ్లలో సగం మంది దాన్ని ఫోటో తీసుకుని అన్నం తింటారు. మనిషికి రెండు లెక్క వేస్తే మిగులుతాయి. మనిషికి ఒకటిన్నర చొప్పున లెక్క వేసుకో.

పైసల లెక్క ఊరికి తెలిసేలా పెట్టు. మాది భోజనం 250. దాంట్లో సరుకులకు 90, కూరలు చేసినామెకు 60, రొట్టెలు చేసినామెకు 50, గిన్నెలు, ఊడ్చుడు చేసినామెకు 25, సంఘం పెట్టెలో 25. ఒక నోటుబుక్కు, అందులో సంతకాలు. మొదట్లో ఇట్లా లేదు. నా ఇంట్లోనే వండి, నేనే తీసుకున్నా. మూడో నెలకు మా బోరు దగ్గర నీళ్లు పట్టుకోవడానికి వచ్చే ఆడవాళ్లు నాతో మాట్లాడటం మానేశారు. ఒకామె మొహం మీదే అంది, "ఊరు అందరిదీ, పైసలు నీకొక్కదానికే." కోపం వచ్చింది, ఏడ్చాను కూడా. కానీ ఆమె అన్నదాంట్లో తప్పేముంది? వాళ్లు చూడ్డానికి వచ్చింది నా మొహాన్ని కాదు కదా. ఊరి చెరువు, ఊరి చెట్లు, ఊరి రోడ్డు మీద పోయే మేకలు.

పట్నం నుంచి ఒకాయన బుకింగులు తెస్తానని వచ్చాడు. మాకు మనిషికి 400 ఇచ్చేవాడు. ఒక రోజు వచ్చినామె మాటల్లో చెప్పింది, ఆయన ఆమె దగ్గర తీసుకున్నది 2,500 అని. మరునాడే మానుకున్నాం. గిరాకీ సగానికి పడిపోయింది, చేతికి మిగిలే పైసలు మాత్రం అంతే ఉన్నాయి.

బాత్రూం గురించి అందరూ ఫోన్‌లో మొదట అడిగేది అదే. ఊరు పేరు, గుడి పేరు తర్వాత. వెస్టర్న్ ఉందా, లోపల గడియ ఉందా, నీళ్లు వస్తాయా. భగీరథ నల్లా పొద్దున వస్తుంది, వాళ్లు లేచేది తొమ్మిదికి. పైన ట్యాంకు లేకపోతే మనమే బిందెలు మోయాలి. తాగుడు సంగతి కూడా ముందే చెప్పు. మేం ఒప్పుకోం. ఒప్పుకున్న ఒక్క రాత్రి మా వాకిట్లో సీసా పగిలి, మా మనవరాలి కాలిలో ముక్క దిగింది.

చెంచు పెంటలు (అడవిలో వాళ్ల గూడేలు) చూపిస్తారా అని కూడా చాలామంది అడుగుతారు. మనిషిని చూడ్డానికి మనిషి పోవుడేంది? సఫారీకి పొండి, అక్కడ గైడ్లుగా చెంచు పిల్లలే ఉంటారు, వాళ్లను అడవి గురించి అడగండి, మీకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు అని పంపుతాం.

ఊరు నిండిందా అన్నావు. లేదు తమ్ముడూ. మొదటి సంవత్సరం ఒక్కొక్కరికి నెలకు రెండు వేల మూడు వందలు సుమారుగా మిగిలింది. గ్యాసు, కరెంటు, సంఘం కిస్తీ వెళ్లాయి. బొంబాయి నుంచి ఆటో అమ్ముకుని ఒక పిల్లగాడు వచ్చాడు, ఇక్కడ ఆటో కొన్నాడు. వాడు కూడా వాళ్ల నాయనకు పక్షవాతం వచ్చిందని వచ్చాడు, మా రొట్టెల కోసం కాదు. కానీ వచ్చిన తర్వాత నిలబడగలిగాడంటే మా శని, ఆదివారాలు కొంత పనికొచ్చాయి. అంతే చెప్పగలను. పోయిన నెల వాడు కొత్త సీటు కవర్లు వేయించాడు.

పెన్షన్ పద్దు:

గ్రామీణ బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను, నల్గొండలో ఉంటాను. లోన్ సంగతి వరకే రాస్తాను.

2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నారు. శిశు అంటే 50 వేల దాకా, కిశోర్ అంటే 5 లక్షల దాకా. మీ మేస్త్రి లెక్క చూస్తే కిశోర్‌లో పడుతుంది. నేను ఆ సీట్లో ఉంటే ఆ ఫైలు మీకే తిప్పి ఇచ్చేవాణ్ణి. వీకెండ్ గిరాకీ మీద నెలనెలా కిస్తీ కట్టడం అంటే ఎట్లా ఉంటుందో ఫంక్షన్ హాళ్లు కట్టి చేతులు కాల్చుకున్నవాళ్లను అడగండి, మా వైపు చాలామంది ఉన్నారు. ఒక బాత్రూం, ఒక ట్యాంకు, రెండు మంచాలు, పరుపులు. శిశు చాలు. ఫాల్స్ సీలింగ్ వద్దు, దూలాల కోసమే వస్తారు.

కేంద్రం హోమ్‌స్టే గుర్తింపు కావాలంటే యజమాని అదే ఇంట్లో ఉండాలి, ఆరు గదులు మించకూడదు. మీ అమ్మగారు ఉన్నారు కాబట్టి ఆ చిక్కు లేదు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపాలి, మరిచిపోతే తలనొప్పి. మనవాళ్లయినా ఆధార్ కాపీ తీసుకుని రిజిస్టర్లో రాయండి. ఒంటరి ఆడమనిషి ఉన్న ఇల్లు, మొహమాటం పడకండి.

పాత ఊరు:

బిడ్డా, మీ తాత నాకు తెలిసే ఉంటాడు. మాదీ మునిగిన ఊరే. ఇప్పుడు పెబ్బేరులో కొడుకు దగ్గర ఉంటున్నా. మనవడు ఫోన్‌లో మాటను అక్షరాలు చేసే పద్ధతి చూపించాడు, తప్పులుంటే వాడివి.

అర్రలు ఇయ్యి, రొట్టెలు పెట్టు, దాని మీద నాకేం లేదు. పాత ఊరు చూపిస్తానన్నావు, అక్కడ ఆగాను. ఏం చూపిస్తావు? బురద, మోకాళ్లెత్తు గోడలు, పగిలిన కుండ పెంకులు. వాళ్లు ఐదు నిమిషాలు చూసి, "ఇంకా ఏముంది" అంటారు. నాకైతే బొడ్రాయి నుంచి నలభై అడుగులు ఎడమకు పోతే మా అక్క ఇల్లు. ఇప్పటికీ కండ్లు మూసుకుని పోగలను. అది టికెట్ పెట్టి చెప్పేది కాదు.

గుళ్లను మాత్రం రాయి రాయికీ నంబరు వేసి, విప్పి, పైకి తెచ్చి మళ్లీ కట్టారు. సోమశిల గుడి, జటప్రోలు గుడి అట్లా వచ్చినవే. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అలంపురానికి తెచ్చారు. మంచిదే, కాదనను. మా ఇండ్లకు కూడా నంబర్లు వేశారు, సున్నంతో. అవి పరిహారం లెక్కకు. వంద దాకా ఊళ్లు పోయాయి. ఇంటికొక ఉద్యోగం అని 1986లో 98 జీవో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని తిరిగి తిరిగి నా వయసు దాటిపోయింది. మీ ఊరి ముసలివాళ్లలో అట్లా తిరిగినవాళ్లు ఇంకా ఉంటారు. చూపించేముందు వాళ్లను అడుగు. నన్నయితే ఎవరూ అడగలేదు.

పడవ గురించి ఒకటి. 2007 జనవరిలో సింగోటం జాతరకు వస్తున్న జనంతో కృష్ణలో పడవ మునిగింది. 60 మందికి పైగా పోయారు. ఆ ఒడ్డున ఏడ్పులు ఇంకా చెవుల్లో ఉన్నాయి. లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరినీ ఎక్కించకు, నీకు ఎంత దగ్గరవాళ్లయినా సరే. గాలి లేస్తే ఆ రోజు పడవ లేదు అని చెప్పు. పైసలు వెనక్కి ఇయ్యి.

ఇంకా ఒక సంగతి నీకు లెక్క రాలేదు. డ్యామ్ నిండుమట్టం 885 అడుగులు. గోడలు బయటపడేంత నీళ్లు తగ్గేది ఎండాకాలంలో. అప్పుడు ఎండ 42 దాటుతుంది, బండరాళ్ల మీద కాలు పెట్టలేం. నీళ్లు కళకళలాడేది వానాకాలం తర్వాత. రెండూ ఒకేసారి అమ్ముదామంటే కుదరదు. ఎండాకాలం చూపించాలంటే మన కొల్లాపూర్ మామిడి తోట చూపించు. చెట్టు కింద నీడన్నా ఉంటుంది.

పోచంపల్లి ఆయన అడిగింది మంచి మాట. వలస తగ్గిందని అందరూ అంటారు కదా, మా చుట్టాల ఊళ్లలో తగ్గింది కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో. ఎల్లూరు దగ్గర ఎత్తే ఆ నీళ్లు మన ఊళ్ల మీద నిలబడ్డ నీళ్లే. కాలువ కింద పొలం ఉన్నోడు పుణె నుంచి వచ్చాడు. కాలువ అందనోడు రాలేదు. నేను చూసింది ఇది.

నదిపక్కోడు:

అందరికీ దండాలు. ఇంత రాస్తారనుకోలేదు.

పెద్దాయనా, మీరు చెప్పింది అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "బొడ్రాయికి ఎడమ పక్క ఇల్లంటే కుమ్మరోళ్ల ఇల్లా?" అంది. అది మీ ఊరో మా ఊరో కూడా ఆమె అడగలేదు. పాత ఊరి టూర్ అనేది తీసేశాను. మా తాత తోడు వయసు వాళ్లు ఊళ్లో ముగ్గురున్నారు, ఈసారి పోయినప్పుడు వాళ్ల దగ్గర కూర్చుంటా. చూపించడానికి కాదు, నాకు తెలియడానికి. దర్వాజ కింద అతుకు గురించి తప్ప నాకేమీ తెలియదని ఇప్పుడు అర్థమైంది.

చిటికి కట్టు అన్నా, మీ ప్రశ్న మీద రెండు రోజులు కూర్చున్నా. మా ఊళ్లో ఇంకా ఆడుతున్నది చేపల వల. పద్నాలుగు కుటుంబాలు పుట్టీల (గుండ్రటి తెప్పల) మీద పోతాయి. తెల్లారి బొచ్చె, రవ్వ చేపలు తెస్తారు, ఒడ్డునే ఆటో నిలబెట్టుకుని ఒక షావుకారి ఎత్తుకుపోతాడు. కిలోకు ఆయన ఇచ్చేదానికీ ఎల్బీ నగర్‌లో నేను కొనేదానికీ మధ్య ఉన్న తేడా, లెక్కలు రాసే మనిషినై ఉండి కూడా నేను ఇన్నాళ్లు వేసుకోలేదు. వేస్తే రెండింతల పైనే ఉంది. మలుపు దగ్గర ఆగే కార్లకు ఐస్ డబ్బా పెట్టుకుని అక్కడే చేపలు అమ్మితే? అర్రలు లేకుండానే. మా దోస్తు ఒకడు ఇంకా పుట్టీ మీద పోతాడు, వాడితో మాట్లాడాను. "తూకం కాంటా నువ్వు కొనియ్యి, ఆదివారం నిలబడతా" అన్నాడు. కాంటా నా ఖర్చు. అది మొదటిది.

అర్రలు వదల్లేదు. కాకపోతే ఒక్కటే, రోడ్డు వైపుది. సీలింగ్ వద్దన్నానని మేస్త్రికి చెబితే ఎస్టిమేట్‌తో పాటు ఆయన ఉత్సాహం కూడా సగానికి పడింది. బావకు పూల్ సంగతి ఇంకా చెప్పలేదు.

వచ్చే నెల మూడో ఆదివారం మా ఆఫీసు వాళ్లు ఆరుగురు వస్తామన్నారు, ట్రయల్. పైసలు తీసుకుంటానని ముందే చెప్పాను. అమ్మ రెండు షరతులు పెట్టింది. దేవుని అర్రలోకి ఎవరూ పోవద్దు. వచ్చేవాళ్లు ఎవరి పిల్లలో, ఏ ఊరోళ్లో తనకు ముందే చెప్పాలి. ఆధార్ కాపీ సంగతి చెబితే, "అది నువ్వు చూసుకో, నాకు ఇంటిపేరు చెప్తే చాలు" అంది.

అక్కా, ఆరుగురికి నాటుకోడి ఎంత చెప్పాలి? అమ్మ నాలుగు కోళ్లు అంటోంది.

సంఘం అక్క:

నాలుగు కోళ్లు పెళ్లికి. కిలోన్నరవి రెండు చాలు, మిగిలితే పొద్దున రొట్టెలోకి వస్తుంది. ముందు రోజు సాయంత్రమే పట్టి గంప కింద పెట్టించు, తెల్లారి చూస్తే చెట్టు మీద ఉంటాయి. అమ్మను ఒక్కదాన్నే రొట్టెలకు కూర్చోబెట్టకు, పక్కింటామెను పిలువు, ఆమె పైసలు ఆ రోజే చేతిలో పెట్టు. వాయిదా వద్దు.

బాత్రూంకు గడియ పెట్టించినవా?

నదిపక్కోడు:

లేదక్కా. ఈ శనివారం పోతున్నా.